తరం మారే వేళ తెరుచుకునే తలుపు: భారతదేశంలో టెలికం పరికరాల సంస్థల పోటీ (1948–2025)

వ్యాససంగ్రహం

టెలిఫోన్ సేవలు అందించే సంస్థల గురించి మనకు కొంత తెలుసు. ఆ సంస్థలకు ఎక్స్ఛేంజీలను, టవర్లపై అమర్చే రేడియో యంత్రాలను అమ్మే సంస్థల చరిత్ర మాత్రం తెలుగులో దాదాపుగా చర్చకు రాలేదు. స్వాతంత్ర్యానంతర భారతదేశంలో ఈ సంస్థల మధ్య సాగిన పోటీని సాంకేతిక తరాల మార్పు ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఒక తరం కుదురుకున్న తర్వాత కొత్త సంస్థకు ప్రవేశం చాలా కష్టమని, తరం మారే కొద్దికాలంలోనే అవకాశం లభిస్తుందని, సి-డాట్ ఎదుగుదలకూ వెనకబాటుకూ ఇదే ప్రధాన కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: టెలికం చరిత్ర, ఎక్స్ఛేంజి, ఐటిఐ, సి-డాట్, స్వావలంబన, 4జి, 5జి, బిఎస్ఎన్ఎల్.

1. ఉపోద్ఘాతం

2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రధానమంత్రి 97,500కు పైగా మొబైల్ టవర్లను జాతికి అంకితం చేశారు. వీటిలో అత్యధికం బిఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జి టవర్లు. ఈ వ్యవస్థకు మూలకేంద్రమైన 'కోర్' భాగాన్ని సి-డాట్, రేడియో పరికరాలను తేజస్ నెట్‌వర్క్స్ సమకూర్చగా, టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ (టిసిఎస్) మొత్తాన్ని సమన్వయపరచింది. 1980లలో పల్లెలకు ఎక్స్ఛేంజీలు ఇచ్చిన సి-డాట్ పేరు ఇంతకాలానికి మళ్లీ వార్తల్లో ప్రముఖంగా వినిపించింది. మధ్యలో ఆ సంస్థ ఎందుకు కనుమరుగైనట్లయింది? మళ్లీ ఎలా రాగలిగింది? ఈ రెండు ప్రశ్నలే ఈ పరిశీలనకు ప్రేరణ.

ఈ రంగంపై ఆంగ్లంలో కొంత కృషి జరిగింది. ఐటిఐ పారిశ్రామిక, కార్మిక చరిత్రను దిలీప్ సుబ్రమణియన్ విస్తృతంగా పరిశోధించారు. సి-డాట్ తొలినాటి అనుభవాలను ఆ సంస్థకు నాయకత్వం వహించిన జి.బి. మీమాంసి గ్రంథస్థం చేశారు. సి-డాట్ వెనకబాటుకు సాధారణంగా రెండు కారణాలు చెబుతారు. 1991 సరళీకరణ విదేశీ సంస్థలకు ద్వారాలు తెరవడం మొదటిది. ప్రభుత్వ సంస్థలకు సహజమైన జాప్యం రెండోది. రెండింటిలోనూ కొంత నిజముంది. అయితే అవి చాలవని ఈ వ్యాసం భావిస్తుంది.

2. ఈ పోటీ స్వభావం

బట్టల దుకాణంలో నచ్చని గుడ్డను వదిలి మరో దుకాణానికి వెళ్లినట్లు టెలిఫోన్ సంస్థ తన పరికరాల సరఫరాదారును మార్చలేదు. ఒక ఎక్స్ఛేంజిని కొన్న సంస్థ దాని విస్తరణకు కావలసిన అదనపు విభాగాలను, విడిభాగాలను, సాఫ్ట్‌వేర్ సవరణలను అదే తయారీదారు వద్ద కొనాలి. సిబ్బందికి శిక్షణ కూడా ఆ యంత్రంపైనే ఉంటుంది. మొబైల్ వ్యవస్థలోనూ ఇదే పరిస్థితి. జిఎస్ఎంలో టవరు వద్ద ఉండే బేస్ స్టేషన్‌ను దాని నియంత్రణ యంత్రంతో కలిపే ఇంటర్‌ఫేస్ పేరుకు ప్రామాణికమే అయినా, ఆచరణలో ఒక్కో సంస్థ దాన్ని ఒక్కో విధంగా రూపొందించింది. అందువల్ల ఒక సంస్థ బేస్ స్టేషన్‌ను మరో సంస్థ నియంత్రణ యంత్రానికి కలపడం సాధ్యపడలేదు.

ఫలితంగా మొదటి ఆర్డరు దక్కించుకున్న సంస్థకు తర్వాతి పదిహేను, ఇరవై ఏళ్ల వ్యాపారం చాలావరకు ఖాయమవుతుంది. కనుక మొదటి ఆర్డరు కోసం నష్టానికైనా అమ్మడానికి సంస్థలు వెనకాడవు. యంత్రాల తరం మారినప్పుడు మాత్రం పాత యంత్రాన్ని ఎలాగూ తీసివేయాలి కాబట్టి కొనుగోలుదారుకు ఎంపిక స్వేచ్ఛ తిరిగి వస్తుంది. ఆ స్వేచ్ఛాకాలాన్నే ఈ వ్యాసంలో 'తలుపు'గా వ్యవహరిస్తున్నాను.

3. స్ట్రౌజర్ నుంచి క్రాస్‌బార్ దాకా

1948లో బెంగళూరులో ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ (ఐటిఐ) ఏర్పడింది. స్వతంత్ర భారతదేశంలో నెలకొల్పిన తొలి ప్రభుత్వరంగ సంస్థగా దీనికి గుర్తింపు ఉంది. లివర్‌పూల్ కేంద్రంగా ఉన్న బ్రిటిష్ సంస్థ ఆటోమేటిక్ టెలిఫోన్ అండ్ ఎలక్ట్రిక్ (ఏటిఈ) సహకారంతో ఇక్కడ స్ట్రౌజర్ ఎక్స్ఛేంజీల తయారీ మొదలైంది. వలసకాలంలో భారత టెలిఫోన్ వ్యవస్థ బ్రిటిష్ యంత్రాలపై నడిచింది. అదే సాంకేతికతను ఎంచుకోవడంలో పాత వ్యవస్థతో పొందిక ప్రధానంగా పనిచేసి ఉంటుంది. పాలకులు మారినా యంత్రాల తరం మారలేదు. కాబట్టి సరఫరాదారుల దేశమూ మారలేదు.

1960లలో స్ట్రౌజర్ స్థానంలో క్రాస్‌బార్ తరం వచ్చింది. ఈసారి ఒప్పందం బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌కు చెందిన బెల్ టెలిఫోన్ మాన్యుఫ్యాక్చరింగ్ కంపెనీతో (బిటిఎం) కుదిరింది. ఇది అమెరికా బహుళజాతి సంస్థ ఐటిటికి అనుబంధ సంస్థ. అది ఇచ్చిన 'పెంటాకాంటా' క్రాస్‌బార్ భారత నగరాల్లో తీవ్రమైన ఇబ్బందులు తెచ్చింది. ఐరోపాలో ఒక్కో టెలిఫోన్ నుంచి వెళ్లే కాల్స్ పరిమితం. మన నగరాల్లో టెలిఫోన్లు తక్కువ, వాటిని వాడేవారు ఎక్కువ కావడంతో ఒక్కో లైనుపై భారం అనేక రెట్లు పెరిగింది. లైను కలవకపోతే మళ్లీ మళ్లీ ప్రయత్నించడం వల్ల ఆ భారం ఇంకా హెచ్చింది. చివరికి ఢిల్లీలోని టెలికం పరిశోధన కేంద్రం ఇంజనీర్లు దాన్ని మన అవసరాలకు తగినట్లు సవరించవలసి వచ్చింది.

ఈ అనుభవం రెండు విషయాలను స్పష్టం చేసింది. ఒక సమాజపు వాడుక తీరును దృష్టిలో ఉంచుకొని రూపొందిన యంత్రం మరో సమాజంలో అలాగే పనిచేయకపోవచ్చు. యంత్రాన్ని సవరించగలిగిన ఇంజనీర్లు తగిన వనరులు ఇస్తే కొత్త యంత్రాన్ని సృష్టించగలరన్నది రెండో విషయం. తర్వాతి దశాబ్దంలో సి-డాట్ ఆలోచనకు ఈ నేపథ్యం ఉపకరించింది.

4. డిజిటల్ తరం: ఒకే తలుపు, రెండు దారులు

1980ల ఆరంభంలో డిజిటల్ ఎక్స్ఛేంజీల తరం వచ్చినప్పుడు ప్రభుత్వం రెండు భిన్నమైన మార్గాలను అనుసరించింది. 1982లో ఫ్రాన్స్‌కు చెందిన సిఐటి-ఆల్కాటెల్ సంస్థతో ఒప్పందం చేసుకొని 'ఈ10బి' ఎక్స్ఛేంజీల తయారీకి ఉత్తరప్రదేశ్‌లోని గోండా జిల్లా మన్కాపూర్‌లో ఐటిఐ కర్మాగారాన్ని నెలకొల్పింది. మరోవైపు 1984 ఆగస్టులో టెలికం పరికరాల రూపకల్పన కోసం స్వతంత్ర ప్రతిపత్తితో సి-డాట్‌ను ఏర్పాటు చేసింది. సామ్ పిట్రోడా ప్రేరణ, ఇందిరాగాంధీ ఆమోదం, రాజీవ్‌గాంధీ మద్దతు ఇందుకు తోడ్పడ్డాయి. 36 కోట్ల రూపాయల వ్యయంతో 36 నెలల్లో భారతీయ డిజిటల్ ఎక్స్ఛేంజిని రూపొందించడం సి-డాట్ లక్ష్యం.

నిర్ణీత కాలంలో పెద్ద నగర ఎక్స్ఛేంజి సిద్ధం కాలేదు. దీనిపై ఆనాడు వచ్చిన విమర్శల్లో న్యాయం లేకపోలేదు. అయితే చిన్న ఎక్స్ఛేంజి విషయంలో సి-డాట్ అసాధారణ విజయం సాధించింది. 128 పోర్టుల గ్రామీణ ఎక్స్ఛేంజి 'రాక్స్' 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిసారి పనిచేయడం ప్రారంభించింది. ఎయిర్ కండిషనర్ అవసరం లేకుండా, దుమ్ములో, ఎండలో, తక్కువ విద్యుత్తుతో నడవడం దీని ప్రత్యేకత. అప్పటి విదేశీ డిజిటల్ ఎక్స్ఛేంజీలు పెద్ద నగరాల కోసం, చల్లబరచిన గదుల కోసం రూపొందినవి. వందమంది వినియోగదారులున్న పల్లెకు తగిన యంత్రాన్ని తయారుచేసే ఆసక్తి వాటిని తయారుచేసిన సంస్థలకు లేదు. పెంటాకాంటా నేర్పిన పాఠం ఇక్కడ ఫలించింది.

సి-డాట్ తానే కర్మాగారం పెట్టకుండా తన సాంకేతికతను అనేక ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలకు లైసెన్సుపై ఇచ్చింది. దానివల్ల దేశంలో విడిభాగాల తయారీదారులు, ఇంజనీర్లు ఒక తరంగా రూపొందారు. తెలుగునాట పల్లెపల్లెకూ ఎస్టీడీ బూత్ చేరిన కాలాన్ని గుర్తుచేసుకునేవారు పసుపుపచ్చ బోర్డును గుర్తుచేసుకుంటారు. దాని వెనక ఉన్న ఎక్స్ఛేంజి ఎవరిదో సాధారణంగా గుర్తుండదు. 1990లలో గ్రామీణ ఎక్స్ఛేంజీల్లో అత్యధికం సి-డాట్ రూపొందించినవే.

5. 1991 తర్వాత: అనేక స్విచ్‌ల కాలం

1991 పారిశ్రామిక విధానంతో టెలికం పరికరాల తయారీ ప్రైవేటు, విదేశీ సంస్థలకు అందుబాటులోకి వచ్చింది. ఆల్కాటెల్ 'ఓసిబి-283', సీమెన్స్ 'ఈడబ్ల్యూఎస్‌డి', ఎరిక్సన్ 'ఏఎక్స్ఈ-10', ఏటీ అండ్ టీ '5ఈఎస్ఎస్', ఫుజిట్సు 'ఫెటెక్స్-150', ఎన్ఈసి 'నియాక్స్-61' అనే ఆరు కొత్త స్విచ్‌లు భారత టెలిఫోన్ వ్యవస్థలోకి ప్రవేశించాయి. నగరాల్లోని పెద్ద ఎక్స్ఛేంజీల్లో వీటి వాటా వేగంగా పెరిగింది.

సరళీకరణే సి-డాట్‌ను దెబ్బతీసిందనే వాదానికి ఈ పరిణామమే ఆధారం. కాని పల్లెల్లో ఈ దశాబ్దమంతటా సి-డాట్ యంత్రాల స్థాపన కొనసాగింది. తన బలం ఉన్న చోట సి-డాట్ నిలబడగలిగింది. కనుక విదేశీ పోటీ దాని విస్తరణను నగరాల వద్ద అడ్డుకున్నదనవచ్చు గాని, దాన్ని పూర్తిగా తొలగించిందనలేం. దాన్ని అప్రధానం చేసిన కారణం కోసం తర్వాతి తరాన్ని పరిశీలించాలి.

6. మొబైల్ తరం: చేజారిన అవకాశం

1995 జులై 31న పశ్చిమబెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మొబైల్ ఫోన్‌లో మాట్లాడారు. దేశంలో అదే తొలి మొబైల్ సంభాషణ. మోదీ టెల్‌స్ట్రా నెట్‌వర్కుకు పరికరాలు ఇచ్చింది నోకియా. సెల్యులర్ లైసెన్సుల్లో ప్రభుత్వం ఐరోపా ప్రమాణమైన జిఎస్ఎంను నిర్దేశించింది. ఆ ప్రమాణ రచనలో 1980ల నుంచీ పాల్గొన్న ఐరోపా సంస్థల యంత్రాలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. సి-డాట్ వద్ద జిఎస్ఎం వ్యవస్థ లేదు. లైసెన్సు పొందిన ప్రైవేటు సంస్థలకు స్వదేశీ యంత్రం కోసం వేచి ఉండవలసిన అవసరమూ లేదు.

ఇదే కాలంలో మద్రాసు ఐఐటీలో ఆచార్య అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం మిడాస్ కమ్యూనికేషన్స్, అనలాగ్ డివైసెస్ సంస్థలతో కలిసి 'కార్‌డెక్ట్' అనే నిస్తంత్రీ వ్యవస్థను రూపొందించింది. తీగలు వేయకుండా పల్లె ఇంటికి టెలిఫోన్ ఇవ్వడం దీని ఆశయం. అది ఆ పని సమర్థంగా చేసింది. కాని అది స్థిర టెలిఫోన్‌కు ప్రత్యామ్నాయం మాత్రమే. వినియోగదారు కదిలిపోయే ఫోన్‌ను కోరుకున్నప్పుడు దానికి ముందుదారి లేకపోయింది.

సేవాసంస్థల కొనుగోలు పద్ధతి కూడా ఈ దశలో మారింది. 2004లో భారతీ ఎయిర్‌టెల్ తన నెట్‌వర్కు నిర్మాణ, నిర్వహణ బాధ్యతలను ఎరిక్సన్, నోకియా, సీమెన్స్‌లకు అప్పగించి, యంత్రాల సంఖ్యకు కాక వాడుకలోకి వచ్చే సామర్థ్యానికి చెల్లించే విధానాన్ని చేపట్టింది. పెట్టుబడి తక్కువగా ఉన్న సంస్థకు ఇది లాభసాటి. కాని ఇలాంటి ఒప్పందానికి సరఫరాదారుకు భారీ ఆర్థికబలం ఉండాలి. సాంకేతికత ఉన్నా చిన్న సంస్థ ఇక్కడ నిలబడలేదు.

బిఎస్ఎన్ఎల్ పరిస్థితి వేరు. 2000 అక్టోబరు 1న ఏర్పడిన ఈ ప్రభుత్వ సంస్థ ప్రతి కొనుగోలునూ టెండరు ద్వారా జరపాలి. 2006 నాటి 4.55 కోట్ల లైన్ల టెండరు న్యాయవివాదాల్లో చిక్కుకొని చివరికి సగానికి తగ్గింది. ఆ తర్వాతి 9.3 కోట్ల లైన్ల టెండరు 2010లో రద్దయింది. మొబైల్ వినియోగదారులు అత్యంత వేగంగా పెరిగిన ఆ సంవత్సరాల్లో ప్రైవేటు సంస్థలు విస్తరిస్తూ ఉంటే, బిఎస్ఎన్ఎల్‌కు కావలసిన యంత్రాలు సకాలంలో అందలేదు. పరికరాల సంస్థల మధ్య పోరు కొనుగోలుదారునే కుంగదీయగలదని ఈ ఉదంతం తెలుపుతుంది.

7. పాత సహకార సంస్థలు ఏమయ్యాయి?

భారతదేశానికి సాంకేతికత ఇచ్చిన విదేశీ సంస్థలు శాశ్వతమైనవేమీ కావు. వాటి వంశక్రమాన్ని పరిశీలిస్తే తరాల మార్పు తీవ్రత బోధపడుతుంది.

స్ట్రౌజర్ ఇచ్చిన ఏటిఈ 1961లో ప్లెస్సీలో కలిసింది. ప్లెస్సీ, జిఈసి సంస్థల టెలికం విభాగాలు 1988లో ఏకమయ్యాయి. అదే వ్యాపారం తర్వాత మార్కోని పేరుతో నడిచింది. 2005 ఏప్రిల్‌లో బ్రిటిష్ టెలికం తన వ్యవస్థను ఇంటర్నెట్ ప్రొటోకాల్ ఆధారిత కొత్త తరానికి మార్చే '21సిఎన్' పథకానికి ఎనిమిది సరఫరాదారులను ఎంపిక చేసింది. ఆ జాబితాలో చైనా సంస్థ హువావే ఉంది, మార్కోని లేదు. తన అతిపెద్ద కొనుగోలుదారు కాదనడంతో మార్కోని షేరు ఒక్కరోజులోనే మూడో వంతుకు పైగా పడిపోయింది. అదే సంవత్సరం అక్టోబరులో దాని వ్యాపారంలో ప్రధాన భాగాన్ని ఎరిక్సన్ కొనడానికి ఒప్పందం కుదిరింది. దశాబ్దాల అనుబంధం కూడా తరం మారినప్పుడు రక్షణ కాలేదు.

క్రాస్‌బార్ ఇచ్చిన బిటిఎం, మాతృసంస్థ ఐటిటి తన టెలికం వ్యాపారాన్ని ఫ్రెంచి సంస్థకు అప్పగించడంతో 1980ల చివర ఆల్కాటెల్‌లో భాగమైంది. ఏటీ అండ్ టీ పరికరాల విభాగం 1996లో లూసెంట్‌గా వేరుపడి, 2006లో ఆల్కాటెల్‌తో విలీనమైంది. సీమెన్స్ తన నెట్‌వర్కు వ్యాపారాన్ని 2007లో నోకియాతో కలిపి, 2013లో తన వాటాను నోకియాకే అమ్మింది. 2016లో ఆల్కాటెల్-లూసెంట్‌నూ నోకియా చేజిక్కించుకుంది. అంటే క్రాస్‌బార్, ఈ10బి, ఓసిబి-283, ఈడబ్ల్యూఎస్‌డి, 5ఈఎస్ఎస్ అనే ఐదు వేర్వేరు యంత్రాల వారసత్వం నేడు ఒక్క నోకియాలో ఉంది. కెనడాకు చెందిన నార్టెల్ 2009లో దివాలా తీసింది. ఎన్నో సంస్థలతో సాగిన పోటీ చివరికి ఎరిక్సన్, నోకియా, హువావే, జెడ్‌టిఈ, శాంసంగ్ అనే కొద్ది పేర్లకు కుదించుకుపోయింది.

8. 4జి, 5జి తరాలు: ముడిని విప్పడం, మళ్లీ వేయడం

2016 సెప్టెంబరు 5న సేవలు ప్రారంభించిన రిలయన్స్ జియోకు పాత 2జి, 3జి వ్యవస్థలు లేవు. నేరుగా 4జితో మొదలైన ఆ సంస్థ రేడియో పరికరాలకు శాంసంగ్‌ను ఎంచుకుంది. భారత మొబైల్ నెట్‌వర్కుల్లో అంతవరకు చెప్పుకోదగిన స్థానం లేని శాంసంగ్‌కు పాత యంత్రాల బంధం లేని కొనుగోలుదారు దొరకడం పెద్ద అవకాశమైంది.

5జిలో ఈ బంధం మరో రూపం దాల్చింది. 5జిని రెండు విధాలుగా నెలకొల్పవచ్చు. మొదటిది ఇప్పటికే ఉన్న 4జి వ్యవస్థను ఆధారంగా చేసుకొని నడిచే పద్ధతి. ఇందులో 4జి, 5జి యంత్రాలు నిరంతరం సమన్వయంతో పనిచేయాలి కాబట్టి 4జి సరఫరాదారుకే మొగ్గు ఉంటుంది. రెండోది 4జితో సంబంధం లేకుండా స్వతంత్రంగా నడిచే పద్ధతి. 2022లో ఎయిర్‌టెల్ మొదటి పద్ధతిని, జియో రెండోదాన్ని అనుసరించాయి. 4జిలో శాంసంగ్‌పై ఆధారపడిన జియో 5జి రేడియో పరికరాలను ఎరిక్సన్, నోకియాల నుంచి తీసుకుంది, కోర్‌ను సొంతంగా రూపొందించుకుంది. సరఫరాదారును మార్చే స్వేచ్ఛను దానికి స్వతంత్ర పద్ధతి సులభం చేసిందని ఊహించడం అసంగతం కాదు. ఎయిర్‌టెల్ పాత సరఫరాదారులైన ఎరిక్సన్, నోకియాలతో పాటు శాంసంగ్‌కు కూడా చోటిచ్చింది. ముడి బలమైనదే గాని విప్పలేనిది కాదని ఇది తెలియజేస్తుంది.

ఇదే కాలంలో భద్రత కొత్త ప్రమాణంగా ముందుకు వచ్చింది. 2020 మార్చిలో బిఎస్ఎన్ఎల్ పిలిచిన 4జి టెండరు గల్వాన్ ఘర్షణ తర్వాత జులైలో రద్దయింది. అదే సంవత్సరం డిసెంబరులో కేంద్రం ప్రకటించిన జాతీయ భద్రతా ఆదేశం ప్రకారం విశ్వసనీయ సంస్థలుగా గుర్తింపు పొందినవారి నుంచే పరికరాలు కొనాలి. ఈ ఆదేశం 2021 జూన్ 15 నుంచి అమలులోకి వచ్చింది. 5జి పరీక్షల్లో చైనా సంస్థలకు చోటు దక్కలేదు. 2024లో వొడాఫోన్ ఐడియా సుమారు 30,000 కోట్ల రూపాయల ఒప్పందాలను నోకియా, ఎరిక్సన్, శాంసంగ్‌లతో కుదుర్చుకుంది. ధర, నాణ్యతల పోటీలో గెలుస్తూ వచ్చిన హువావేకు భారతదేశపు తలుపు ఈ తరంలో రాజకీయ కారణాలతో మూసుకుపోయింది.

అదే తలుపు సి-డాట్‌కు తెరుచుకుంది. స్వదేశీ పరికరాలనే వాడాలన్న నిబంధనతో 2023లో టిసిఎస్ నేతృత్వంలోని బృందానికి లక్ష 4జి కేంద్రాలకు సుమారు 15,000 కోట్ల రూపాయల ఆర్డరు దక్కింది. దీనికి చెల్లించిన మూల్యాన్ని చరిత్రకారులు విస్మరించరాదు. జియో 4జి ప్రారంభించిన తొమ్మిదేళ్లకు గాని బిఎస్ఎన్ఎల్ దేశవ్యాప్త 4జి రాలేదు. ఈ మధ్యలో 78,000 మందికి పైగా ఉద్యోగులు స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. జాప్యానికి ఆర్థిక సంక్షోభం, స్పెక్ట్రం కేటాయింపు వంటి ఇతర కారణాలూ ఉన్నాయి. అయినా స్వదేశీ యంత్రం సిద్ధమయ్యేదాకా వేచి ఉన్న కాలం అందులో ఒక భాగం.

ప్రమాణాల రచనలోనూ ఈ దశలో ఒక ప్రయత్నం జరిగింది. హైదరాబాద్, మద్రాసు ఐఐటీల పరిశోధకుల కృషితో రూపొందిన '5జిఐ' ప్రమాణం పెద్ద విస్తీర్ణమున్న గ్రామీణ ప్రాంతాలకు ఒకే టవరుతో సేవలందించే అవసరాన్ని దృష్టిలో ఉంచుకున్నది. అంతర్జాతీయ టెలికం యూనియన్ గుర్తింపు పొందిన ఈ ప్రమాణాన్ని తర్వాత 3జిపిపి అంతర్జాతీయ ప్రమాణంలో విలీనం చేశారు. వేరే ప్రమాణంగా మిగలకపోయినా, గ్రామీణ భారత అవసరం ఒకటి యంత్రాలు తయారు కాకముందే ప్రమాణపత్రంలోకి చేరింది. 1960లలో పెంటాకాంటాను కొన్న తర్వాత సవరించిన స్థితితో పోల్చితే ఇది గుణాత్మకమైన మార్పు.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. టెలికం పరికరాల రంగంలో పోటీ నిరంతరం ఒకే తీవ్రతతో సాగదు. స్ట్రౌజర్, క్రాస్‌బార్, డిజిటల్, మొబైల్, 4జి-5జి అనే తరాల సంధికాలాల్లో అది కేంద్రీకృతమవుతుంది. ఆ సమయానికి యంత్రం సిద్ధంగా ఉన్న సంస్థకే ప్రవేశం లభించింది.

2. సి-డాట్ 1980లలో డిజిటల్ తరం సంధికాలంలో తగిన యంత్రంతో వచ్చి గెలిచింది. మొబైల్ తరం వచ్చినప్పుడు దాని వద్ద తగిన యంత్రం లేదు. సరళీకరణ, పరిపాలనా జాప్యం దాని ఇబ్బందులను పెంచాయి. అయితే దాన్ని అప్రధానం చేసిన నిర్ణాయక కారణం తరం మార్పే.

3. 1986లో సి-డాట్ విజయానికి ఆధారం దుమ్మునూ ఎండనూ తట్టుకున్న యంత్రం. 2020ల పునఃప్రవేశానికి ఆధారం ప్రధానంగా ప్రభుత్వ నిబంధన. ప్రైవేటు సేవాసంస్థల్లో స్వదేశీ రేడియో పరికరాలకు ఇంకా చెప్పుకోదగిన స్థానం లేదు. కనుక ఈ రెండు విజయాలను ఒకే గాటన కట్టడం సరికాదు.

4. కొనుగోలులో జాప్యం కూడా ఒక విధాన నిర్ణయమే. దాని భారాన్ని బిఎస్ఎన్ఎల్ ఉద్యోగులు, ఆ సంస్థ సేవలపై ఆధారపడిన మారుమూల గ్రామాల ప్రజలు మోశారు. స్వావలంబన చరిత్రను రాసేటప్పుడు విజయాల పక్కనే ఈ ఖర్చునూ నమోదు చేయాలి.

2023 మార్చిలో కేంద్రం 'భారత్ 6జి' దార్శనిక పత్రాన్ని విడుదల చేసింది. ఇంతవరకు పరిశీలించిన చరిత్ర ప్రకారం చూస్తే, ఆ తరానికి సంబంధించిన పోటీ ప్రమాణాల రచనతో ఇప్పటికే మొదలైంది. టెండరు పిలిచే రోజున పోటీకి సిద్ధం కాబోయే సంస్థకు ఆ తలుపు అందకపోవచ్చు.